చాపకూడులో నాయకురాలికి చోటుందా?

తెలుగులో ప్రతినాయకులకు కొదవ లేదు గానీ ప్రతినాయికలు తక్కువ. ఉన్న కొద్దిమందీ కోరిక వల్లనో, మాతృత్వం వల్లనో చెడ్డవాళ్ళయినవాళ్ళు. శూర్పణఖ రాముణ్ణి కోరింది. కైకేయి కొడుక్కి రాజ్యం అడిగింది. సారంగధరుడి కథలో చిత్రాంగి సవతి కొడుకు మీద మనసు పడింది. వీళ్ళ తప్పులన్నీ అంతఃపురం గడప దాటనివి. పల్నాటి వీరచరిత్రలోని నాయకురాలు నాగమ్మ ఈ వరుసలో ఇమడదు. ఆమెకు భర్త లేడు, రాజ్యం కట్టబెట్టాల్సిన కొడుకు లేడు, ప్రియుడు లేడు. ఆమె చేసిన మంచీ చెడూ అంతా నిండు కొలువులో, మంత్రి హోదాలో చేసింది. రాజనీతి వల్ల ప్రతినాయిక అయిన స్త్రీ మన పాత కథల్లో దాదాపు ఈమె ఒక్కతే.

అయినా గత నలభై ఏళ్ళ స్త్రీవాద సాహిత్య విమర్శలో నాగమ్మకు దొరికిన చోటు చాలా తక్కువ. సీతను మళ్ళీ చదువుకున్నాం. అహల్యను, రేణుకను, ఊర్మిళను చదువుకున్నాం. ఓల్గా 'విముక్త'లోని 'సమాగమం' కథ శూర్పణఖను సీతకు ఎదురుగా నిలబెట్టి, ఇద్దరి గాయాలూ ఒకే చోటి నుంచి వచ్చినవని చూపించింది. ఇదంతా గొప్ప పనే. అయితే ఈ వరుసలో ఉన్నవాళ్ళందరూ అన్యాయానికి గురైన స్త్రీలు. అన్యాయం చేసిన స్త్రీని ఎలా చదవాలన్నది మనం ఇంకా నేర్చుకోలేదు. అలాంటి స్త్రీ ఎదురుపడగానే మనకు రెండే దారులు కనిపిస్తాయి. ఆమె అసలు తప్పే చేయలేదనీ, అదంతా పురుషులు కల్పించిన కథ అనీ కొట్టిపారేయడం ఒకటి. 'తెలుగునాట తొలి మహిళా మంత్రి' అని దండ వేసి, మిగతా కథ జోలికి వెళ్ళకపోవడం రెండోది. రెండూ నాగమ్మను చిన్నబుచ్చేవే అని నా అభిప్రాయం.

కథ తెలియని పాఠకులు ఈ పత్రికకు తక్కువే కాబట్టి క్లుప్తంగానే చెప్తాను. పన్నెండో శతాబ్ది చివరి పాదంలో పల్నాడు సవతి అన్నదమ్ముల మధ్య రెండుగా చీలింది. గురజాలలో నలగామరాజు, ఆయన మంత్రి నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, ఆయన వెనక బ్రహ్మనాయుడు. కోడిపందెంలో నాగమ్మ మోసంతో గెలిచిందనీ, ఒప్పందం ప్రకారం మాచర్ల వారు ఏడేళ్ళు దేశం విడిచారనీ కథ. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి అలరాజు రాయబారిగా వచ్చాడు. తిరుగుదారిలో, చర్లగుడిపాడు దగ్గర, నాగమ్మ పన్నాగం వల్ల విషప్రయోగానికి బలయ్యాడు. ఆ తర్వాత కారంపూడిలో నాగులేటి ఒడ్డున యుద్ధం. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడితో సహా రెండు వైపులా ఒక తరం మొత్తం తుడిచిపెట్టుకుపోయింది.

ఈ యుద్ధానికి 'పల్నాటి భారతం' అని పేరుంది. జూదం బదులు కోడిపందెం, అరణ్యవాసం బదులు ప్రవాసం, కృష్ణ రాయబారం బదులు అలరాజు రాయబారం, అభిమన్యుడి బదులు బాలచంద్రుడు. ఈ పోలికను అందరూ మెచ్చుకోలుగా చెప్తారు గానీ, అది నాగమ్మకు ఏం చేసిందో గమనించాలి. భారతం అనే అచ్చులో ఒక స్థానిక తగాదాను పోసినప్పుడు, అందులో శకుని స్థానం ఖాళీగా ఉంది. నాగమ్మను తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టారు. కృష్ణుడి స్థానం బ్రహ్మనాయుడికి దక్కింది. మౌఖిక కథలో ఆయన సాక్షాత్తూ విష్ణువు అంశ, మాచర్ల చెన్నకేశవుడికి ప్రతిరూపం. కృష్ణుడు యుద్ధంలో చేసిన మోసాలు ధర్మసూక్ష్మాలైనట్టే, ఈ అచ్చులో ఒక పక్షం ఎత్తుగడ వ్యూహం అవుతుంది, రెండో పక్షం ఎత్తుగడ కుతంత్రం అవుతుంది. పందెం కాయడానికి ఇద్దరు కావాలి. బ్రహ్మనాయుడు ఒక రాజ్యాన్ని కోడి కాలి కత్తి మీద పెట్టడానికి ఎందుకు ఒప్పుకున్నాడన్న ప్రశ్న నేను చదివిన విమర్శలో ఎక్కడా గట్టిగా వినబడలేదు. ధర్మరాజును జూదరి అని అడిగినంత గట్టిగానైనా ఆయన్ను అడగాల్సింది.

ఇక ఆమె గతం. కథకులు చెప్పేదాన్ని బట్టి నాగమ్మ ఆరవెల్లి నుంచి వలస వచ్చి జిట్టగామాలపాడులో స్థిరపడిన రెడ్డి కుటుంబపు పిల్ల. చిన్న వయసులోనే భర్త పోయాడు. తండ్రి ఇంట్లో ఉండి వ్యవసాయం చేయించింది, ఊళ్ళో తగవులు తీర్చింది. వేటకు వచ్చి అలసిపోయిన రాజుకూ పరివారానికీ ఆతిథ్యం ఇచ్చింది. ప్రతిఫలంగా ఏం కావాలని అడిగితే నగలూ మాన్యాలూ అడగకుండా ఏడు ఘడియల మంత్రిత్వం అడిగింది. ఘడియ అంటే 24 నిమిషాలు. ఏడు ఘడియలంటే మూడు గంటలకు పన్నెండు నిమిషాలు తక్కువ. ఒక వితంతువు రాజ్యం మీద అడిగిన గడువు అంత! అది ఏదో వెర్రి కోరిక అనుకుని రాజు మాట ఇచ్చి ఉంటాడు. ఆమె ఆ మాటను రాయించుకుని దాచింది. సమయం వచ్చినప్పుడు తెచ్చి చూపించి, ఆ మూడు గంటల్లోనే తన సమర్థత రుజువు చేసుకుని, ఇక తీసేయడానికి వీల్లేని మంత్రి అయింది.

నాకు ఈ ఘట్టం మొత్తం వీరచరిత్రలోకెల్లా ఆధునికమైనదిగా తోస్తుంది. అధికారం వారసత్వంగా రాని మనిషి దాన్ని చేజిక్కించుకునే దారి ఇది. నాగమ్మ తర్వాత ఎనభై ఏళ్ళకు, 1262 ప్రాంతంలో, ఓరుగల్లులో రుద్రమదేవి అధికారానికి వచ్చింది. ఆమెకు గణపతిదేవుడి వంటి తండ్రి ఉన్నాడు. అయినా రుద్రదేవ మహారాజు అన్న మగ పేరుతో పాలించాల్సి వచ్చింది. నాగమ్మకు రాజైన తండ్రి లేడు. మగ పేరూ పెట్టుకోలేదు. 'నాయకుడు'కు స్త్రీలింగమే ఆమె బిరుదైంది. మా ఇంట్లో గొంతు పెంచి మాట్లాడిన ఆడపిల్లను 'నాయకురాలు బయల్దేరిందమ్మా' అనేవాళ్ళు. నరసరావుపేటలో పెరిగిన నాకు ఆ మాట తిట్టుగా ముందు తెలిసింది, బిరుదుగా చాలా ఆలస్యంగా తెలిసింది.

కథ ఈ గతాన్ని దాచలేదు. కానీ దాన్ని దేనికి వాడుకుందన్నదే ప్రశ్న. ఇక్కడ ఒక దూరపు పోలిక తెస్తాను. అమెరికన్ కామిక్ పుస్తకాలు పిల్లల సరుకని మన విశ్వవిద్యాలయాల్లో చిన్నచూపు ఉంది గానీ, ప్రతినాయకుడి నైతిక సంక్లిష్టత గురించి అవి చేసిన ప్రయోగాలు మనకు పనికొస్తాయి. ఎక్స్‌మెన్ కథల్లో మాగ్నెటో 1963లో స్టాన్ లీ, జాక్ కిర్బీల చేతుల్లో పుట్టినప్పుడు ఉత్త దుర్మార్గుడు. లోకాన్ని లొంగదీసుకోవాలనే కోరిక తప్ప అతనికి మరో కారణం లేదు. 1980లలో క్రిస్ క్లేర్‌మాంట్ అనే రచయిత అతనికి ఒక గతం ఇచ్చాడు. పిల్లవాడిగా ఉన్నప్పుడు నాజీల ఆష్విట్జ్ శిబిరంలో తనవాళ్ళందరినీ పోగొట్టుకుని బతికి బయటపడిన యూదుడతను. దాంతో అతను చేసిన హింస ఒప్పయిపోలేదు. కానీ 'మాలాంటివాళ్ళను మీరు మళ్ళీ శిబిరాల్లోకి తోలతారు' అన్న అతని భయం నిజమైన భయమని పాఠకుడికి తెలిసింది. తప్పు తప్పుగానే ఉండి, దాని వెనక ఉన్న చరిత్ర కూడా నిజమై కూర్చుంది. అలాంటి పాత్రను ద్వేషించడమూ కష్టమే, ప్రేమించడమూ కష్టమే.

నాగమ్మకు గతాన్ని కొత్తగా కల్పించాల్సిన పని కూడా లేదు. అది కథలోనే ఉంది. వైధవ్యం ఉంది, వలస ఉంది, మూడు గంటల అధికారం కోసం ఒక కాగితాన్ని ఏళ్ళ తరబడి దాచుకోవడం ఉంది. కానీ కథ ఈ వివరాలను ఆమె భయాన్ని చూపించడానికి కాకుండా ఆమె జిత్తులమారితనానికి సాక్ష్యంగా చూపిస్తుంది. 'చూశారా, అప్పుడే ఎంత ముందుచూపో!' అన్నట్టు. మగ వీరుడికైతే ఇదే ముందుచూపు గుణమయ్యేది. పదవి పోతే ఆమె ఎక్కడికి వెళ్ళాలి? బ్రహ్మనాయుడు ఓడితే అడవికి పోయి, ఏడేళ్ళ తర్వాత కొడుకులతో, అనుచరులతో తిరిగి రాగలడు. నాగమ్మ ఓడితే తిరిగి వెళ్ళాల్సింది తండ్రి ఇంటి వెనక గదికి. ఆమె రాజకీయంలో కనిపించే కరుకుదనానికి మూలం ఈ తేడాలో ఉందని నా వాదన. రాజీకి ఒప్పుకునే వెసులుబాటు కూడా ఒక ఆస్తే. అది ఆమెకు లేదు.

వెల్చేరు నారాయణరావు తెలుగు జానపద వీరగాథలను రెండు రకాలుగా చూశారు. భూమి మీద బతికే కులాల గాథల్లో వీరుడు పురుషుడు, యుద్ధం ఉంటుంది. వర్తక, వృత్తి కులాల గాథల్లో ప్రధాన పాత్ర స్త్రీ. కన్యకమ్మలా, కామమ్మలా ఆమె మంటల్లో దూకి దేవత అవుతుంది. ఈ విభజనను నాగమ్మ వైపు నుంచి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఒక రకం గాథలో స్త్రీ చచ్చి నాయిక కావాలి. రెండో రకంలో బతికి అధికారం చేస్తే ప్రతినాయిక అవుతుంది. బతికి ఉండి నాయిక అయ్యే చోటు ఎక్కడా లేదు.

లేదని పూర్తిగా అనలేం. మాంచాల ఉంది. బాలచంద్రుణ్ణి యుద్ధానికి పోకుండా ఆపాలని తల్లి ఐతమ్మ అతణ్ణి భార్య దగ్గరికి పంపుతుంది. ఆ పిల్ల చేతుల్లో పడితే ఆగుతాడని ఆమె ఆశ. అత్త మనసు అర్థమైనా మాంచాల భర్తకు కత్తి అందించి పంపుతుంది. ఇప్పటికీ 'మగువ మాంచాల' అంటే వీరపత్నికి పర్యాయపదం. సినిమా వాళ్ళూ నాటకాల వాళ్ళూ ఆ ఘట్టాన్ని ఎంత పిండాలో అంత పిండారు. కొంచెం ఆగి చూస్తే, మాంచాల మాట వల్ల ఒక యువకుడు చావుకి వెళ్ళాడు. నాగమ్మ మాట వల్లా యువకులు చావుకి వెళ్ళారు. మాంచాల మాట వంశ గౌరవం కోసం, నాగమ్మ మాట తన పదవి కోసం. ఆడదాని మాట మగవాళ్ళను చంపవచ్చు, అది మగవాళ్ళ పరువు కోసమైతే. తేడా అంతే. ఐతమ్మ ఒక్కతే ఈ కథలో 'వెళ్ళొద్దు' అనడానికి ప్రయత్నించింది. ఆమెకు బిరుదు లేదు.

ఇంతవరకూ నా పని సులువుగానే నడిచింది. ఇప్పుడు కష్టమైన చోటికి వస్తున్నాను. నాగమ్మ ఎదుటి పక్షం మామూలు పక్షం కాదు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టినవాడు. కులాలన్నింటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించినవాడు. మాల కన్నమదాసును కొడుకుగా స్వీకరించి సేనకు ముందు నిలిపినవాడు. ఇదంతా ఎంత చరిత్ర, ఎంత ఆదర్శీకరణ అన్న చర్చ ఉంది. అయినా తెలుగు సమాజం ఈ కథను ఇన్ని వందల ఏళ్ళు మోయడంలో ఆ చాపకు పెద్ద వాటా ఉంది. గూడవల్లి రామబ్రహ్మం 1938లో 'మాలపిల్ల' తీశాక 'పల్నాటి యుద్ధం' తలపెట్టడం ఊరికే కాదు. సినిమా పూర్తి కాకముందే 1946లో ఆయన చనిపోతే ఎల్.వి. ప్రసాద్ పూర్తి చేశారు. 1947లో విడుదలైంది. నాగమ్మగా కన్నాంబ, బాలచంద్రుడిగా అక్కినేని నాగేశ్వరరావు. అస్పృశ్యత మీద పోరాటం చేసే కథలో దానికి అడ్డు నిలిచేది అధికారంలో ఉన్న ఒక స్త్రీ అన్నమాట. కాబట్టి స్త్రీవాద పఠనం నాగమ్మను ఎత్తుకోవాలని తొందరపడితే, ఆ చాప మీద కూర్చున్నవాళ్ళ వైపు వీపు తిప్పినట్టవుతుంది. తొంభైల నుంచీ దళిత స్త్రీలు మనల్ని అడుగుతున్న ప్రశ్న ఇదే కదా. 'మీ స్త్రీ' అన్నప్పుడు ఆ స్త్రీ ఏ ఇంటి ఆడపడుచు? నాగమ్మ భూమి ఉన్న ఇంటి ఆడపడుచు. ఆమె వైధవ్యం నిజం, ఆమె పొలాల్లో పని చేసినవాళ్ళూ నిజమే.

అయితే అటు వైపు చాప కూడా పూర్తిగా పరచినది కాదు. కన్నమదాసు కొడుకయ్యాడు, నిజమే. చాప మీద కులానికి చోటు దొరికినప్పుడు, అధికారంలో స్త్రీకి చోటు ఎందుకు దొరకలేదన్నది అడగదగిన ప్రశ్న. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవంలో అయిదు రోజులుంటాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. వీరుల ఆయుధాలు వీర్లగుడికి చేరతాయి, పూజలందుకుంటాయి. మందపోరు రోజు చాపకూడు పెడతారు, ఆ మర్నాడు కోడిపోరు. ఉత్సవం బ్రహ్మనాయుణ్ణి అన్నంతో గుర్తు పెట్టుకుంది, నాగమ్మను పందెంతో గుర్తు పెట్టుకుంది. చచ్చిపోయిన వీరులకు కొలుపు ఉంది. వాళ్ళను ఎదిరించి ఒక రాజ్యాన్ని నడిపినామె ఆ కొలుపులో శత్రువుగా మాత్రమే హాజరవుతుంది.

ఇది పాత కథే కదా అనుకోవడానికి లేదు. 2022లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. 2024 మేలో పోలింగ్ తర్వాత మాచర్ల, నరసరావుపేట ప్రాంతాల్లో దాడులు జరిగినప్పుడు 'మళ్ళీ పల్నాటి యుద్ధం' అన్న మాట మా ఊళ్ళో ఎన్నిసార్లు విన్నానో. రాళ్ళు విసిరినవాళ్ళూ కర్రలు పట్టుకున్నవాళ్ళూ మగవాళ్ళు. వాళ్ళను నడిపించినవాళ్ళూ మగవాళ్ళే. కానీ ఆ పోలిక తెచ్చే కథలో తగాదాకు మూలం ఒక ఆడది. మా ప్రాంతపు మగవాళ్ళ హింసకు ఎనిమిది వందల ఏళ్ళుగా సిద్ధంగా ఉన్న సంజాయిషీ నాగమ్మ.

సినిమాల దగ్గరికి ఒకసారి వెనక్కి వెళ్ళాలి. 1966 నాటి 'పల్నాటి యుద్ధం'లో ఎన్టీ రామారావు బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ. అప్పటికే భానుమతి స్వయంగా కథలు రాసి, సినిమాలు తీసి, దర్శకత్వం వహించి, స్టూడియో నడిపిన మనిషి. మగ పరిశ్రమలో అధికారం చెలాయించడమంటే ఏమిటో తెలిసిన స్త్రీ ఆ పాత్రలోకి వెళ్ళింది. ఆ ఠీవీ, ఆ వెటకారమూ తెర మీద చూస్తుంటే స్క్రిప్టు ఆమెను ఖండించమంటుంది, మన కళ్ళేమో ఆమె వైపే పోతాయి. కొలువులో ఆమె మాట్లాడుతుంటే పక్కనున్న నలగామరాజు మనకు గుర్తుండడు. స్క్రిప్టు ఇవ్వని సంక్లిష్టతను నటి తన శరీరంతో, గొంతుతో ఇచ్చింది. వ్రాతప్రతి కంటే ప్రదర్శన ఉదారంగా ఉండడం మౌఖిక సంప్రదాయంలోనూ చూస్తాం. జీన్ రోఘైర్ 1982లో ప్రచురించిన పుస్తకానికి ఆధారం శ్రీనాథుడి పేరు మీద ఉన్న ద్విపద కాదు, ఆలిశెట్టి గాలేయ్య పాడిన కథ. గాయకుడు పాత్ర మారినప్పుడల్లా ఆ పాత్ర గొంతులోకి వెళ్ళాలి. నాగమ్మ గొంతులోకీ వెళ్ళాలి. కాసేపైనా ఆమె న్యాయాన్ని ఆమె నోటితో చెప్పక తప్పదు.

ఉన్నవ లక్ష్మీనారాయణ ఈ కథను నాటకం చేసినప్పుడు దానికి 'నాయకురాలు' అని పేరు పెట్టారు. బ్రహ్మనాయుడనీ బాలచంద్రుడనీ పెట్టలేదు. 'మాలపల్లి' రాసిన మనిషి, వితంతు వివాహాల కోసం పనిచేసిన మనిషి, గుంటూరులో ఆడపిల్లల కోసం శారదానికేతనం నడిపిన మనిషి. చాపకూడు వైపు నుంచీ వితంతువు వైపు నుంచీ ఈ కథను చూడగల అర్హత ఆయనకు ఉన్నంతగా అప్పట్లో మరెవరికైనా ఉందా అని అనుమానమే. ఆ నాటకం మీద స్త్రీవాద దృష్టితో సమగ్రమైన వ్యాసం రావలసే ఉంది.

కొన్నేళ్ళ క్రితం ఒక సదస్సులో నేను ఈ విషయం మీద పత్రం చదివాను. ముగించగానే ఒక పెద్దాయన లేచి, 'అదంతా సరేనమ్మా, అలరాజుకి విషం పెట్టించిందా లేదా, అది చెప్పు' అన్నారు. సభలో నవ్వులు. నా పక్కన కూర్చున్న స్నేహితురాలు, ఆమె కూడా పరిశోధకురాలే, వెంటనే లేచి, అది గెలిచినవాళ్ళు రాసుకున్న చరిత్ర అని జవాబిచ్చింది. చప్పట్లు కొట్టారు. నేను మాత్రం, 'పెట్టించిందండీ' అన్నాను. స్నేహితురాలికి కోపం వచ్చింది. దారంతా మాట్లాడలేదు.

చరిత్రలో ఏం జరిగిందో నేను చెప్పడం లేదు, కథలో జరిగింది చెప్తున్నాను. కథలో పెట్టించింది. ఆ ఒక్క ఘట్టాన్ని తీసేస్తే మిగిలే నాగమ్మ నిర్దోషి అవుతుంది గానీ, పెద్దగా ఆలోచించాల్సిన అవసరం లేని మనిషి కూడా అవుతుంది. అలరాజు శత్రువు మాత్రమే కాదు, రాయబారి. నలగామరాజుకు స్వయానా అల్లుడు. సంధి కుదిరే అవకాశం ఏదైనా మిగిలి ఉంటే అది అతనిలోనే ఉంది. ఆ సంధి కుదిరితే అన్నదమ్ములు ఒకటవుతారు, మామా అల్లుళ్ళు ఒకటవుతారు. బయటి నుంచి వచ్చిన విధవరాలు ఒక్కతే అక్కర్లేని మనిషి అవుతుంది. ఆమె ఈ లెక్క వేసుకుని ఉండాలి. లెక్క తప్పు కాదు. చేసిన పని ఘోరం.

అలరాజు భార్య పేరిందేవి. రత్నాల పేరమ్మ అంటారు. నలగామరాజు కూతురు. భర్త శవంతో పాటు చితి ఎక్కింది. వీరచరిత్ర చదివే స్త్రీలు ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడ. నాగమ్మ తన భర్త పోయినప్పుడు చితి ఎక్కలేదు. గదిలోనూ కూర్చోలేదు. విధవ అన్న మాట దగ్గర తన బతుకు ఆగిపోనివ్వలేదు. ఆ లోకంలో ఒక స్త్రీ సాధించగలిగిన అతి కష్టమైన పని అది. ఆ పని సాధించిన చేతులతోనే ఇంకొక ఆడపిల్లను విధవను చేసింది. ఆ పిల్లకు బతికే దారి ఒకటుందని, తానే ఆ దారిన నడిచి వచ్చానని చెప్పగలిగిన ఒకే ఒక్క స్త్రీ గురజాల కోటలో ఉంది. చెప్పలేకపోయింది. ఆ హక్కును విషంతో పాటే పోగొట్టుకుంది. ఈ ఒక్క చోట నాగమ్మ నాకు శకునిలా గానీ, తొలి మహిళా మంత్రిలా గానీ కనిపించదు.

శూర్పణఖకూ సీతకూ సమాగమం రాసిన భాష మనది. పేరమ్మకూ నాగమ్మకూ మధ్య అలాంటిది ఇంకా ఎవరూ రాసినట్టు లేదు. అది క్షమాపణతో ముగిసే కథ కాకూడదని నా కోరిక. పేరమ్మ చిన్న పిల్ల, రాజు బిడ్డ, చితికి వెళ్ళే ముందు ఆమెకు అడగాల్సినవి చాలా ఉంటాయి. నాగమ్మ దగ్గర జవాబులు ఉండకపోవచ్చు. ఎవరు రాసినా మొదటి మాట మాత్రం పేరమ్మకే ఇవ్వండి.